పొట్టివాళ్లకు నేర్పే పట్లలో సగం పొడుగువాళ్లవే

కుస్తీ కానివ్వండి, జూడో కానివ్వండి, జియు-జిట్సు కానివ్వండి, ఎక్కడ చేరినా పొట్టివాడికి మొదట్లోనే మూడు మాటలు వినబడతాయి. "నీ సెంటర్ ఆఫ్ గ్రావిటీ కిందుంటుంది, అదే నీకు ప్లస్." "టెక్నిక్ ఉంటే సైజుతో పనేంటి?" "కింద పడ్డా ఫర్వాలేదు, గార్డ్ నేర్చుకో, చిన్నవాళ్లకు అదే ఆయుధం." గార్డ్ అంటే కింద పడుకుని, పైనున్నవాణ్ని కాళ్లతో అడ్డుకుంటూ ఆడే స్థానం. చెప్పేవాళ్లంతా మన మంచి కోరేవాళ్లే. పైగా 'పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు' అనే సామెత ఉండనే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

నా ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు, బరువు కూడా అంతంత మాత్రమే. చాలా ఏళ్లుగా నాకంటే తల, తలన్నర ఎత్తున్నవాళ్లతో మ్యాట్ మీద పెనుగులాడుతున్నాను. నన్నడిగితే ఆ మూడు మాటల్లో మొదటిది సగం నిజం, రెండోది ఊరడింపు, మూడోది మాత్రం పొడుగువాడి ఆయుధాన్ని తెచ్చి పొట్టివాడి చేతిలో పెట్టడం.

మూడోదాని సంగతే ముందు చూద్దాం. దానికి సాక్ష్యంగా అందరూ బ్రెజిల్ జియు-జిట్సు వీరుడు రాయ్స్ గ్రేసీని చూపిస్తారు. 1993 నవంబరులో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (ఏ పోరాట విద్యవాళ్లయినా తలపడే పోటీ అది) బరువు తరగతులు లేవు. సన్నగా, తెల్ల గీ (జూడోవాళ్లు వేసుకునే లాంటి దుస్తులు) వేసుకుని వచ్చిన రాయ్స్ ఒక్క రాత్రిలో ముగ్గుర్ని లొంగదీసుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో తనకంటే ముప్పై కిలోలకు పైగా బరువున్న డాన్ సెవెర్న్ కింద పావుగంట పాటు నలిగి, చివరికి ట్రయాంగిల్ (కాళ్లతో మెడనీ ఒక భుజాన్నీ బిగించే పట్టు) వేసి ట్యాప్ చేయించాడు, అంటే ఓటమి ఒప్పించాడు. చిన్నవాడు పెద్దవాణ్ని కింద నుంచే ఓడించాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అంతా నిజమే. కాకపోతే రాయ్స్ గ్రేసీ ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం. బరువులో తేలికవాడే గానీ పొట్టివాడు కాడు. ఆ ట్రయాంగిల్ పడిందంటే సెవెర్న్ లాంటి మనిషి మెడనీ భుజాన్నీ కలిపి చుట్టి, ఒక కాలి మడమను రెండో కాలి మోకాలి మడతలో ఇరికించేంత పొడవు ఆ కాళ్లకు ఉంది. నా కాళ్లతో అదే పని ఓ లావుపాటి మెడ మీద చేసి చూడండి. మడమ మోకాలి దాకా రాదు, పాదం దగ్గరే ఆగిపోతుంది, అవతలివాడు తాపీగా లేచి నిలబడతాడు.

దీనికి సరిగ్గా ఎదురుగా గామా పహిల్వాన్‌ని నిలబెట్టి చూడండి. గామా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. ప్రత్యర్థి రహీం బక్ష్ సుల్తానీవాలా దాదాపు ఏడడుగుల మనిషి. వాళ్ల తొలి పోటీలు ఎటూ తేలలేదు. 1910లో లండన్‌లో పోలండ్ మల్లుడు జిబిష్కోతో తలపడి తిరిగొచ్చాక గానీ అలహాబాద్ కుస్తీలో గామా రహీం బక్ష్‌ని లొంగదీయలేకపోయాడు. ఇది పొట్టివాడి గెలుపే, సందేహం లేదు. కానీ గామా తేలికవాడు కాడు. రెండు వందల పౌండ్లకు పైబడిన, ఇనుప దిమ్మె లాంటి శరీరం.

అంటే రాయ్స్ తేలికైన పొడుగువాడు, గామా బరువైన పొట్టివాడు. ఎత్తు, బరువు వేర్వేరు లెక్కలు. పోటీల్లో బరువు తరగతులుంటాయి కాబట్టి అక్కడ ఎదురయ్యే పొడుగువాడు మనంత బరువే ఉంటాడు, మనకంటే సన్నగా ఉంటాడు, నడుము చేతికి చిక్కుతుంది. అక్కడ పొట్టివాడికి నిజంగానే కొంత మొగ్గు ఉంది. రోజూ ప్రాక్టీసులో ఎదురయ్యేది మాత్రం పొడుగూ బరువూ రెండూ ఉన్నవాడు. ఈ రెంటినీ కలిపేసి 'పెద్దవాడు' అని ఒకే మాట అనేసుకోవడంతో సలహాలన్నీ కలగాపులగం అయిపోతాయి.

అసలు పొడుగువాడి సొత్తు ఏమిటి? దూరం. వాడి చెయ్యి మన మెడ మీద పడే చోట మన చెయ్యి వాడి ముంజేతి దగ్గరే ఆగుతుంది. ఆ చోట నిలబడి ఎంత తెలివిగా ఆడినా నష్టమే. మెడ వెనక చెయ్యి వేసి కిందికి లాగుతాడు, మనం తల ఎత్తడానికే ఓపికంతా పెడతాం, రెండు నిమిషాలకు మెడ నరాలు మొద్దుబారతాయి. పూర్తిగా బయట ఉంటే వాడు మనల్నేమీ చేయలేడు, మనమూ ఏమీ చేయలేం. పూర్తిగా లోపలికి వెళ్తే ఆ పొడుగు చేతులకు పని చెప్పే జాగా ఉండదు, ఇరుకు గదిలో కర్రసాము చేయబోయినట్టు ఉంటుంది వాడి పని. చేటంతా మధ్యలో నిలబడటంలోనే ఉంది.

"దగ్గరికి వెళ్లు" అని అందరూ చెబుతారు గదా, ఇందులో కొత్తేముంది అంటారేమో. దగ్గర అంటే ఏమిటన్న దగ్గరే పేచీ. చాలామంది తలతో దగ్గరికి వెళ్తారు. నడుము వంచి, తలని వాడి ఛాతీ కిందికి తోసి, నడుమునీ కాళ్లనీ వెనకే వదిలేస్తారు. చూడటానికి దగ్గరున్నట్టే ఉంటుంది గానీ గిలటీన్‌కి, డార్స్ చోక్‌కి (రెండూ చేతులతో మెడ బిగించే పట్లు) మెడని పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. దగ్గరితనాన్ని తలతో కాదు, నడుముతో కొలవాలన్నది నా వాదన. మీ నడుముకీ వాడి నడుముకీ మధ్య గాలి ఆడుతున్నంతసేపూ మీరు దూరంగా ఉన్నట్టే లెక్క.

2015 జనవరిలో యూఎఫ్‌సీలో డేనియల్ కోర్మియే, జాన్ జోన్స్ తలపడిన పోటీని నేను ఈ దృష్టితోనే చూస్తాను. కోర్మియే 180 సెంటీమీటర్లు, 2004 ఏథెన్స్ ఒలింపిక్స్ కుస్తీలో నాలుగో స్థానం వచ్చినవాడు. జోన్స్ 193 సెంటీమీటర్లు, చేతులు చాపితే దాదాపు 215. కోర్మియే లోపలికి వెళ్లగలిగాడు, వెళ్లినప్పుడల్లా దెబ్బలూ వేశాడు. కానీ ఆ దగ్గర్లోనూ జోన్స్ పొడుగు ముంజేతులు అడ్డం పెట్టి, భుజాల మీద వాలి, నడుముల మధ్య కొంత ఖాళీ మిగిల్చుకుంటూనే వచ్చాడు. కోర్మియేని జోన్స్ టేక్‌డౌన్ చేసి కింద పడేశాడు కూడా. ఒలింపిక్ మల్లుణ్ని! తీర్పు జోన్స్ వైపే వచ్చింది. తరవాత మూడేళ్లకు, 2018 జులైలో, ఆరడుగుల నాలుగంగుళాల స్టిపె మియోచిచ్‌ని అదే కోర్మియే మొదటి రౌండ్‌లోనే పడగొట్టాడు. క్లించ్ (ఒకరినొకరు పట్టుకుని నిలబడటం) విడిపోతున్న ఆ ఒక్క క్షణంలో తగిలిన దెబ్బ అది. దగ్గరే అన్నీ ఉన్నాయి గానీ, దగ్గర్లో మళ్లీ రకాలున్నాయి.

నేను ఎక్కువగా నమ్ముకున్న బాడీ లాక్ (రెండు చేతులతో నడుము చుట్టి పట్టే పట్టు) సంగతి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే దీన్ని సగం మంది సగమే నేర్చుకుంటారు. ముందు వాడి ఒక చేతిని రెండు చేతులతో పట్టాలి. ఒక చెయ్యి మణికట్టు మీద, రెండోది మోచేతి పైన కండ మీద. పొడుగు చెయ్యి ఇక్కడ మనకే పనికొస్తుంది. మెడ పట్టుకోవడానికి చాపినప్పుడు వాడి మోచెయ్యి ఒంటికి చాలా దూరంగా వచ్చేస్తుంది. పొట్టివాడి మోచెయ్యి ఎప్పుడూ పక్కటెముకలకు అంటుకునే ఉంటుంది కాబట్టి వాడిదంత సులువుగా దొరకదు. ఆ చేతిని మన ఒంటికి అడ్డంగా లాగేస్తూ ఒక అడుగు పక్కకు వేస్తే సగం వీపు మన ముందుంటుంది. అప్పుడు చేతులు నడుము చుట్టూ. ఎక్కడ? పక్కటెముకల మీద కాదు. ఎముకల కింద, తుంటికి కాస్త పైన, వేళ్లకు మెత్తగా తగిలే చోట. అరచేతులు ఒకదాన్నొకటి కరిచిపట్టుకుంటాయి, వేళ్లు ఒకదాంట్లో ఒకటి దూర్చకూడదు. చెవి వాడి ఛాతీకి గానీ భుజం వెనక భాగానికి గానీ అతుక్కుపోవాలి. ముఖం కిందికి పెడితే ముక్కు నలుగుతుంది, ఊపిరాడదు. చెవి పెడితే వాడి ఊపిరి వినబడుతుంది, ఎప్పుడు బరువు మారుస్తున్నాడో కూడా తెలుస్తుంది. వాడు గాలి పీల్చి మడమల మీదికి వెళ్లే క్షణంలో లోపలి నుంచి కాలు మెలిక వేస్తే పడటం వాడి పని, వదలకపోవడం మన పని. ఉడుంపట్టు అనే మాట ఇలాంటి చోట పుట్టిందేనేమో.

ఎత్తి పడేద్దామనే సరదా వద్దు. వెనక్కి వంగి ఎత్తబోతే ఆ బరువంతా మన మీదే పడుతుంది. 2007 డిసెంబరు 31న రష్యా ఫైటర్ ఫియోడర్ ఎమెల్యానెంకో 218 సెంటీమీటర్ల హాంగ్ మన్ చోయ్‌ని పడగొట్టబోయి కింద తేలాడు. ఫియోడర్ కాబట్టి కింద నుంచే ఆర్మ్‌బార్ (మోచేతిని వెనక్కి విరిచే పట్టు) వేసి మొదటి రౌండ్‌లోనే ముగించాడు. ఆ చెయ్యి అంత పొడుగ్గా ఉండటం కూడా ఫియోడర్‌కి కలిసొచ్చిందని నా లెక్క. పొడుగు చేతిని మడిచి దాచుకోవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది మరి. కానీ అది చూసి మనం 218 సెంటీమీటర్ల మనిషి కిందికి కావాలని దూరితే పక్కటెముకలు మిగలవు.

కాళ్ల మీదికి వెళ్లేటప్పుడు, అంటే సింగిల్ లెగ్ (ఒక కాలు పట్టడం), డబుల్ లెగ్ (రెండు కాళ్లూ పట్టడం) వేసేటప్పుడు, పొట్టివాళ్లకు నిజంగానే ఒక వెసులుబాటు ఉంది. కిందికి దిగాల్సిన దూరం తక్కువ. సెంటర్ ఆఫ్ గ్రావిటీ మాటలో నిజమున్న సగం ఇదే. కానీ దిగడం మోకాళ్లతో జరగాలి, నడుముతో కాదు. సింగిల్ లెగ్‌లో తల లోపలి వైపు, వాడి పక్కటెముకలకు ఆనించి ఉండాలి. తల బయటి వైపు పెట్టామా, గిలటీన్ అనే తలుపు మనమే తీసినట్టు. సింగిల్ లెగ్ దొరికాక కాలిని ఎత్తి భుజాన వేసుకోబోవడం కూడా దండగ. ఎంత ఎత్తినా ఆ కాలు ఇంకా మిగిలే ఉంటుంది, వాడు ఒంటికాలి మీద గెంతుతూ మన మెడ మీద బరువు వేస్తూనే ఉంటాడు. ఎత్తకుండా మన రెండు మోకాళ్ల మధ్య ఆ కాలిని బిగించి, ఛాతీ బరువు తొడ మీద వేసి, వెనక్కి అర్ధచంద్రాకారంగా తిరగాలి. పొడుగు కాలికి మోకాలి దగ్గర మడత తప్పదు, మడత పడితే కూర్చోకా తప్పదు.

జూడో గురించి ఒక్క మాట, కాస్త కోపంగానే. 2010లో అంతర్జాతీయ పోటీల్లో నేరుగా కాళ్లు పట్టుకోవడం మీద ఆంక్షలు పెట్టి, 2013కల్లా పూర్తిగా నిషేధించారు. ఆట చూడటానికి అందంగా ఉండాలన్నారు, వంగి తిరిగే కుస్తీలా మారిపోతోందన్నారు. సరే. కానీ దానివల్ల ఎక్కువగా పోగొట్టుకున్నది చిన్నవాళ్లే. తనకంటే పొడుగైనవాడు మెడ మీదుగా చెయ్యి వేసి వీపు మీద పట్టు పట్టినప్పుడు, ఆ చెయ్యి కింద నుంచి దూరి తొడ పట్టడం చిన్నవాడి సహజమైన జవాబు. ఆ జవాబు ఇప్పుడు నేరం. మిగిలింది సెయోయి-నగె, అంటే వాడి కింద దూరి వీపు మీదుగా విసరడం. పొట్టివాడికి నప్పే విసురు ఇదొక్కటే అన్నా తప్పులేదు. 80 కిలోల ఇసావో ఒకానో బరువు తరగతుల్లేని ఆల్ జపాన్ ఛాంపియన్‌షిప్‌ని 1967లోనూ 1969లోనూ గెలిచాడు. తనూ తేలికవాడైన తొషిహికో కోగా 1990లో అదే పోటీలో ఫైనల్ దాకా వెళ్లాడు. అక్కడ 130 కిలోల నవోయా ఒగావా చేతిలో ఓడిపోయాడు. కోగా సెయోయి-నగె చూసినవాళ్లకు ఫైనల్‌లో ఓడిపోయిన సంగతి గుర్తుండదు, గెలిచిన రౌండ్లే గుర్తుంటాయి. "టెక్నిక్ ఉంటే సైజుతో పనేంటి" అనే మాట వినబడినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ ఫైనలే. అంత టెక్నిక్ ఉన్నవాడికి కూడా చివర్లో సైజు ఎదురు నిలిచింది. ఒగావా కూడా ప్రపంచ ఛాంపియనే మరి, తెలియనివాడేమీ కాదు. సైజునీ టెక్నిక్‌నీ పోటీకి పెట్టడంలోనే మోసం ఉంది. అవతలివాడికీ టెక్నిక్ వచ్చినప్పుడు ఏం చేయాలన్నదే అసలు ప్రశ్న.

కింద పడ్డాక ఎత్తుతో పని లేదంటారు కొందరు. ఇది నేను విన్న మాటలన్నిట్లోకీ పచ్చి అబద్ధం. నిలబడినప్పటి ఎత్తు పడుకుంటే పొడవవుతుంది, అంతే తేడా. వాడి కాళ్లు మన భుజాల దాకా వచ్చి తోస్తాయి. వాటిని దూరం నుంచి చేతులతో పక్కకు నెట్టి దాటుదామంటే తెల్లారిపోతుంది. దూరిపోవాలి. ఒక కాలిని నేలకు నొక్కి హాఫ్ గార్డ్‌లోకి (మన ఒక్క కాలే వాడి కాళ్ల మధ్య చిక్కి ఉండే స్థానం) దిగి, తల వాడి దవడ కింద పెట్టి, అంగుళం అంగుళం చొప్పున ముందుకి. ట్రయాంగిల్ భయం ఉంటుంది కాబట్టి ఒకటే నియమం: రెండు చేతులూ లోపలుండాలి, లేదా రెండూ బయటుండాలి. ఒకటి లోపల ఒకటి బయట ఉన్న క్షణం కోసమే పొడుగు కాళ్లు ఎదురుచూస్తుంటాయి.

పైకి చేరాక ఇంకో చిక్కు వస్తుంది, దీని గురించి ఎవరూ సరిగా చెప్పరు. పొడుగువాడి మొండెం మీద పొట్టివాడు పడుకుంటే భుజాలూ తుంటీ రెండూ ఒకేసారి అందవు. పుస్తకాల్లో చూపించే సైడ్ కంట్రోల్ (పక్క నుంచి అడ్డంగా మీద పడుకోవడం) ఇద్దరూ ఒకే ఎత్తున్నవాళ్ల మీద గీసిన బొమ్మ. అదే బొమ్మ అనుకరిస్తూ మధ్యలో, పొట్ట మీద, పడుకున్నామంటే వాడు పైన వంతెన వేసి (నడుము పైకెత్తి) కింద మోకాలు దూర్చి హాయిగా బయటపడతాడు. కాబట్టి ఎంచుకోవాలి. నేనైతే భుజాలే ఎంచుకుంటాను. తల, ఒక చెయ్యి బిగించి, కాళ్ల సంగతి కాసేపు మరిచిపోయి తల వైపుకి తిరుగుతాను. నార్త్-సౌత్ స్థానంలో (వాడి తల వైపు నుంచి మీద పడుకుంటే) వాడి కాళ్లు ఎంత పొడుగున్నా గాల్లో ఈదడమే తప్ప మనల్ని అందుకోలేవు. మౌంట్ (మీదెక్కి కూర్చోవడం) కూడా అంతే. పొట్ట మీద కూర్చుంటే నా మోకాళ్లు నేలకు గట్టిగా ఆనవు. చంకల దాకా పాకితేనే కూర్చున్నట్టు.

ఈ విషయంలో నాకు గురువు లాంటివాడు మార్సెలో గార్సియా, దూరం నుంచే అయినా. 77 కిలోల తరగతిలో ఏడీసీసీ (గీ లేకుండా పట్లు వేసే పెద్ద పోటీ) నాలుగుసార్లు గెలిచాడు: 2003, 2005, 2007, 2011. బరువు తరగతి లేని విభాగంలోనూ దిగి పెద్దవాళ్ల వీపులు ఎక్కాడు. చేతిని అడ్డంగా లాగి వీపు పట్టడం, సీతాకోక గార్డ్ (కూర్చుని పాదాలు వాడి తొడల లోపల దూర్చేది), ఎక్స్-గార్డ్ (కింద దూరి వాడి కాలిని రెండు కాళ్లతో బిగించేది), గొంతు పట్లు: ఆటంతా ఈ నాలుగింటి చుట్టూ తిరుగుతుంది. వీటిలో ఏదీ పొడుగు కాళ్లు అడగదు. 2007లో ఆ ఓపెన్ విభాగం ఫైనల్‌లో తనకంటే పొడుగూ బరువూ ఉన్న రాబర్ట్ డ్రైస్‌డేల్ డార్స్ చోక్‌తో మార్సెలోని ఓడించాడు. పొడుగు చేతులు మెడనీ భుజాన్నీ చుట్టి వచ్చే పట్టు అది. ఎంత గొప్పవాడైనా దూరం మిగిలిన చోట పొడుగు తన పని తాను చేసుకుపోతుంది.

వీపు దొరికాక బాడీ ట్రయాంగిల్ (వాడి నడుము చుట్టూ కాళ్లు ముడివేయడం) కోసం పాకులాడొద్దు. మన కాళ్లు అంత దూరం తిరగవు, తిరిగినా పట్టు నిలవదు. హుక్స్ (పాదాలు వాడి తొడల లోపల తగిలించడం) చాలు. వాటికంటే ముఖ్యం చేతుల సీట్‌బెల్ట్ పట్టు (ఒక చెయ్యి వాడి భుజం మీదుగా, రెండోది చంక కింద నుంచి), వాడి చెవి పక్కన మన చెంప. చోక్ వేసేటప్పుడు చెయ్యి కండ దాకా అందకపోతే అరచేతిలో అరచెయ్యి బిగించినా చాలు. పొట్టి లావు ముంజేతికి గడ్డం కింద సందు తొందరగా దొరుకుతుంది. పొడుగు మెడ వాడికి ఈ ఒక్కచోట శత్రువే.

కింద పడితే? పడతాం, రోజూ. క్లోజ్డ్ గార్డ్ వేయబోతే వెడల్పాటి నడుము చుట్టూ మడమలు అతికష్టం మీద కలుస్తాయి, వాడు వెన్ను నిటారు చేయగానే విడిపోతాయి. హాఫ్ గార్డ్‌లో పక్కకు తిరిగి, అండర్‌హుక్ తీసుకుని (వాడి చంక కింద నుంచి చెయ్యి దూర్చి), తల వాడి ఛాతీకి ఆనించి ఉండటం మేలు. వెల్లకిలా పడుకున్నామా, అయిపోయినట్టే. పొడుగువాడు మౌంట్‌లో కూర్చున్నప్పుడు వాడి తొడల కింద మన మోకాలు పట్టేంత ఖాళీ తరచూ మిగులుతుంది. పొట్టి కాలికి ఆ సందు చాలు, మోచెయ్యి మోకాలు కలిపి పక్కకు జారొచ్చు. సీతాకోక గార్డ్ నుంచి కింద దూరి ఎక్స్-గార్డ్‌లోకి వెళ్తే వాడి పొడుగు కాళ్లే మనకు పట్టుకొయ్యలవుతాయి.

అక్కడి నుంచి కాళ్ల పట్లు కూడా అందుతాయి. పొడుగు కాలు మెలి తిప్పడానికి బాగా అనువైనదే గానీ, హీల్ హుక్ (మడమ పట్టి కాలు మెలితిప్పే పట్టు) విషయంలో పార్ట్‌నర్ మీద దయ ఉంచాలి. నొప్పి తెలిసేసరికే మోకాలి లిగమెంట్ దెబ్బతినే ప్రమాదం ఉన్న పట్టు అది. పొడుగువాడి మీద గెలవాలనే తాపత్రయంలో వాణ్ని ఆర్నెల్లు ఇంట్లో కూర్చోబెడితే, రేపు ప్రాక్టీసుకి పొడుగువాడే ఉండడు.

నేర్పేవాళ్లకు నాదొక విన్నపం. కొత్తగా వచ్చిన పొట్టి మనిషికి అందరితో పాటు ట్రయాంగిల్ వేయించకండి. రెండు చేతులతో ఒక చెయ్యి పట్టడం, బాడీ లాక్, అండర్‌హుక్‌తో హాఫ్ గార్డ్, ఈ మూడింటితో మొదటి కొన్ని నెలలు గడవనివ్వండి. అలసిపోయిన రౌండ్ల చివర్లో కాదు, ఒంట్లో ఓపికున్నప్పుడే అందరిలోకీ పొడుగైనవాడితో జత కట్టండి. రౌండ్ మొదలు పెట్టేటప్పుడే పొడుగువాణ్ని మెడ మీద చెయ్యి వేసి ఉంచమనండి, లోపలికి వచ్చే దారి పొట్టివాణ్నే వెతుక్కోమనండి. ట్రయాంగిల్ ఎలాగూ నేర్పాలి కాబట్టి వేయడం కంటే ముందు తప్పించుకోవడం నేర్పండి, వాడి మెడకు రోజూ పడేది అదే.